సూది తగిలే చోటు

కొత్త చీరకు ఇంట్లోనే ఫాల్ కుట్టుకునేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేసి ఉండరు గానీ, వాళ్ల వేలికి తెలుసు. ఫాల్ గుడ్డ సుమారు రెండున్నర మీటర్ల పొడవుంటుంది. పై అంచు, కింది అంచు కలిపితే ఐదు మీటర్లు. సెంటీమీటరుకు ఒక కుట్టు వేసినా 500 కుట్లు. అంటే ఒకే వేలు సూదిని 500 సార్లు వెనకనుంచి తోయాలి. మెత్తటి నూలుచీరైతే పని సాఫీగా సాగిపోతుంది. బరువైన జరీ అంచైతే మీటరు దూరం వెళ్లేసరికే వేలి మీద ఎర్రగా చిన్న గుంట పడుతుంది. ఆ తర్వాత సూది పదేపదే అక్కడే గుచ్చుకుంటుంది. అప్పుడు వేలు మారుస్తాం. గోరుతో నెడతాం. సూది వెనక కొసను బల్లకు ఆనించి తోస్తాం. చివరికి పళ్లతో పట్టి లాగుతాం. కుట్లు వంకర పోవడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. దర్జీలు దాన్ని అంగుస్తానా అంటారు. ఫ్యాన్సీ షాపులో థింబుల్ అని అడిగితే ఇస్తారు. ఫార్సీలో అంగుష్త్ అంటే వేలు. మన అంగుష్ఠానికి అది దగ్గరి చుట్టం. ఇంగ్లీషు థింబుల్ కూడా బొటనవేలి పేరునుంచే పుట్టింది. జర్మన్లు దాన్ని ‘వేలిటోపీ’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

అయితే దాన్ని కొన్నవాళ్లలో చాలామంది రెండు రోజులు వాడి కుట్టుపెట్టె అడుగున పడేస్తారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులు నాలుగు. సూది జారుతోంది. వేలినుంచి ఊడుతోంది. లోపల చెమట పడుతోంది. చేతికి గుడ్డ తెలియడం లేదు. ఇవి సాకులు కావు. ఒక్కోదానికి ఒక్కో భౌతిక కారణం ఉంది. వాటిని వరసగా చూసుకుంటూ వెళ్తే, ఏ అంగుస్తానా కొనాలన్న ప్రశ్నకంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటి బయటపడుతుంది: నా చేతిలో సూది ఎక్కడ తగులుతోంది?

పాల ప్యాకెట్టంత బరువు, అర మిల్లీమీటరు చోటు

సన్నటి కుట్టుసూది బెజ్జం వైపు కొస అర మిల్లీమీటరు వ్యాసం ఉంటుందనుకుందాం. దాని వైశాల్యం 0.2 చదరపు మిల్లీమీటర్లు. నాలుగైదు పొరల గుడ్డలోంచి సూదిని దించడానికి సుమారు 5 న్యూటన్ల బలం, అంటే అర కిలో బరువంత, పెట్టామనుకుందాం. అరచేతిలో అర లీటరు పాల ప్యాకెట్టు పెట్టుకుంటే తెలిసే బరువది. పెద్దదేం కాదు. కానీ అదంతా 0.2 చదరపు మిల్లీమీటర్ల మీదే పడితే, పీడనం వాతావరణ పీడనానికి 250 రెట్లవుతుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది నూరు రెట్లకు పైమాటే. వేలి చర్మం దీన్ని 500 సార్లు భరించాలి.

అంగుస్తానా ఈ బలాన్ని రవ్వంత కూడా తగ్గించదు. మనం సూదిని ఎంత బలంతో తోస్తే సూదీ అంతే బలంతో వేలిని తోస్తుంది. న్యూటన్ మూడో నియమానికి మినహాయింపు లేదు. అంగుస్తానా చేసే పని ఆ బలాన్ని పంచడం. దాని లోపలి గోడ వేలికి ఒక చదరపు సెంటీమీటరు మేర ఆనిందనుకుంటే, వైశాల్యం 500 రెట్లు పెరిగినట్టు. అందుకని పీడనం 500 రెట్లు తగ్గి, వాతావరణ పీడనంలో సగానికి దిగుతుంది.

విలుకాళ్లకు ఈ సంగతి ఏనాడో తెలుసు. రామాయణ భారతాల్లో వీరులు ఉడుముతోలుతో చేసిన అంగుళిత్రాణాలు తొడుక్కుని యుద్ధానికి వెళ్తారు. వింటినారి వేలిని కోయకుండా ఆ తోలు అడ్డుపడి, బలాన్ని వేలంతా పరిచేది.

తొడుగు లేకపోతే శరీరమే ఒకటి చేసుకుంటుంది. ఒకే చోట మళ్లీ మళ్లీ ఒత్తిడి, రాపిడి తగిలితే చర్మం పైపొర మందమవుతుంది. చేతులు కాయలు కాయడమంటే ఇదే. ఏళ్ల తరబడి బొంతలు కుట్టిన చేతుల్లో సూది ఆనే చోట గట్టి కాయ తగులుతుంది. ఆ కాయ కూడా ఒక అంగుస్తానాయే. కాకపోతే అది కాసేదాకా నొప్పి పడాలి, కొన్నాళ్లు కుట్టు మానేస్తే అది మెత్తబడిపోతుంది, పగిలితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

గుంటలు ఎందుకు?

మొదటి ఫిర్యాదు, సూది జారడం. అంగుస్తానా పైన చిన్న చిన్న గుంటలు నిండా ఉంటాయి. పాతకాలపు అంగుస్తానాల మీద ఆ గుంటలను చేత్తో ఒక్కొక్కటే కొట్టేవాళ్లు, అందుకే వరసలు కాస్త అటూ ఇటూ పోయేవి. యంత్రాలు వచ్చాక వరసలు తీర్చినట్టు వచ్చాయి. చూపుకు అలంకారంలా ఉంటాయి గానీ, అంగుస్తానా ప్రాణమంతా ఆ గుంటల్లోనే ఉంది.

నున్నటి లోహపు పలక మీద సూదిని నిట్టనిలువుగా ఆనించి తోస్తే నిలుస్తుంది. కాస్త వాల్చితే బలంలో కొంత భాగం పక్కకు తిరుగుతుంది. ఆ పక్కబలాన్ని ఆపడానికి ఉన్నది ఘర్షణ ఒక్కటే. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, సూది 11 డిగ్రీలకు మించి వాలిందంటే ఘర్షణ చేతులెత్తేస్తుంది. గడియారంలో నిమిషాల ముల్లు రెండు నిమిషాల్లో తిరిగే కోణం 12 డిగ్రీలు. అంత కొద్ది వాలుకే సూది జారి వేలి పక్కన దిగిపోతుంది.

గుంట ఉంటే సూది ఎటు వాలినా దాని కొసకు ఎదురుగా ఒక గోడ నిలబడుతుంది. అప్పుడు సూదిని ఆపే పని ఘర్షణ ఒక్కదాని మీదే పడదు. ఈ పని జరగాలంటే గుంట నోరు సూది కొసకంటే కాస్తే పెద్దదిగా, దాని ఒడ్డు నిటారుగా ఉండాలి. పళ్లెంలా చదునుగా తేలిపోయే గుంటలు, పెయింటు పూతతో సగం పూడిపోయిన గుంటలు ఎందుకూ పనికిరావు. కొట్లోనే పరీక్షించవచ్చు. మీరు రోజూ వాడే సూదిని వెంట తీసుకెళ్లండి. బెజ్జం కొసను గుంటలో ఆనించి, సూదిని 45 డిగ్రీలు వాల్చి మెల్లగా తోయండి. జారితే ఆ అంగుస్తానాను అక్కడే వదిలేయండి.

లోహం గట్టిదనం లెక్కలోకి వచ్చేది కూడా ఇక్కడే. ఉక్కు సూది ముందు వెండి మెత్తన. వెండి అంగుస్తానాను బాగా వాడితే గుంటలు సూది పోట్లకు లోతై, చివరికి చిల్లులు పడతాయి. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో నగల వ్యాపారం చేసిన చార్లెస్ హోర్నర్ దీనికో ఉపాయం కనిపెట్టి 1884లో పేటెంటు తీసుకున్నాడు. రెండు వెండి పొరల మధ్య ఉక్కు పొరను ఇరికించి, ‘డోర్కస్’ అనే పేరుతో అమ్మాడు. చూడ్డానికి వెండి, సూదిని తట్టుకునేది ఉక్కు. అల్యూమినియం కూడా మెత్తటిదే. పలచటి అల్యూమినియం అంగుస్తానా ఫాల్ కుట్టుకు చాలు, మందపాటి బొంతకు నిలవదు.

కాటుక పరీక్ష

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక పాత గుడ్డను నాలుగు మడతలు వేయండి. అంగుస్తానా లేకుండా, అలవాటైన పద్ధతిలో కూర్చోండి. సూది బెజ్జం కొసకు కొంచెం కాటుక అంటించి పది కుట్లు వేయండి. మళ్లీ కాటుక అంటించి ఇంకో పది. వేళ్ల గురించి ఆలోచించకుండా, ఎవరితోనైనా మాట్లాడుతూ కుట్టడం మంచిది. తర్వాత చెయ్యి తిప్పి చూడండి. నల్లచుక్కలు ఎక్కడ గుమిగూడాయి?

కొందరికి నడిమివేలి కొసన, గోటికి కాస్త కింద ఉంటాయి. కొందరికి వేలి కండ మీద, మరికొందరికి నడిమివేలి పక్కభాగంలో, గోటి అంచుకు ఆనుకుని ఉంటాయి. కొందరు తమకు తెలియకుండా ఉంగరపువేలితో తోస్తుంటారు. పొడుగు సూది వాడేవాళ్లకు మచ్చలు అరచేతి దాకా జారవచ్చు. ఇందులో ఒప్పూ తప్పూ లేదు. మీ చెయ్యి ఏళ్లపాటు సాధన చేసి ఎంచుకున్న చోటది.

లోకంలోని కుట్టు సంప్రదాయాలన్నీ కలిసి ఈ పరీక్షను వందల ఏళ్లుగా చేస్తున్నట్టే ఉంటుంది. ఐరోపాలో గృహిణులు వాడినది పైకప్పు మూసి ఉండే టోపీ, దాంతో వేలి కొసతో తోస్తారు. దర్జీలది పైన తెరిచి ఉండే గొట్టం. వాళ్లు నడిమివేలిని వంచి, గోటి పక్కభాగంతో తోస్తారు. ఆ వంపు అలవాటు కావడానికి ఇంగ్లండులో పని నేర్చుకునే కుర్రాళ్ల వేలిని గుడ్డపేలికతో వంచి కట్టేవాళ్లు. చైనా, జపాన్‌లలో ఉంగరంలాంటి అంగుస్తానాను నడిమివేలి కణుపుల మధ్య పెట్టుకుని, పొట్టిసూది వెనక కొసను దానికి ఆనిస్తారు. జపాన్‌లో కానజావా ప్రాంతంవాళ్లు ఆ ఉంగరాన్ని రంగురంగుల పట్టుదారంతో అల్లుతారు. కొరియాలో పొరలు పొరలుగా అతికిన గుడ్డతో చేసి, పూలు కుట్టిన చిన్న తొడుగును చూపుడువేలికి పెట్టుకుంటారు. జపాన్‌లోని సాషికో కుట్టుకు వాడేది పొడుగు సూది. దాని మీదికి గుడ్డను మడతలుగా ఎక్కించి ఒక్కసారిగా తోస్తారు. అందుకని సూదిని ఆపే అంగుస్తానా పలక నడిమివేలి మొదట్లో, అరచేతి వైపు ఉంటుంది. ఓడ తెరచాపలు కుట్టేవాళ్లు మందపాటి కాన్వాసులోంచి సూదిని దించాలి. వేలి బలం చాలదు కాబట్టి, లోహపు బిళ్ల బిగించిన తోలుపట్టీని అరచేతికి కట్టుకుని చేతి బలమంతా పెడతారు.

ఇన్ని ఆకారాలు రావడానికి కారణం మోజు కాదు. సూది పొడవు మారితే అది తగిలే చోటు మారుతుంది, చోటు మారితే అంగుస్తానా ఆకారం మారుతుంది. కాటుక మచ్చ వేలి పక్కన ఉన్నవాళ్లు కొసన మాత్రమే గుంటలున్న టోపీని కొంటే, వేలు తన అలవాటును వదులుకోవాలి. వదులుకోదు. రెండు రోజులు పోరాడి, టోపీని పెట్టెలో పడేస్తుంది.

కొలత: నూలుపోగు, 3.14

రెండో ఫిర్యాదు, ఊడిపోవడం. అంగుస్తానాల మీద అంకెలుంటాయి గానీ, ఆ అంకెలు దేశానికొక రకం, తయారీదారుకొక రకం. మిల్లీమీటర్లను నమ్మడం మేలు. నడిమివేలి చుట్టూ గోటి మొదలు దగ్గర ఒక నూలుపోగును బిగించకుండా చుట్టండి. కలిసిన చోట గుర్తుపెట్టి, పోగును స్కేలు మీద పరిచి కొలవండి. వచ్చినదాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం. చుట్టుకొలత 52 మిల్లీమీటర్లయితే వ్యాసం సుమారు 16.6 మిల్లీమీటర్లు. వ్యాసంలో ఒక మిల్లీమీటరు తేడా చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. ఉంగరం మీద ‘కొంచెమే కదా’ అనిపించే తేడాను వేలు ఎందుకు ఒప్పుకోదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వేలు గొట్టం కాదు. కొసకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, గోటి వైపు చదునుగా, కండ వైపు గుండ్రంగా ఉంటుంది. అంగుస్తానా వాలు, వేలి వాలు కలవకపోతే రెండే జరుగుతాయి. అంచు దగ్గర బిగుసుకుని పైన ఖాళీగా ఊగుతుంది, లేదా పైన తగిలి అంచు దగ్గర వదులవుతుంది. మొదటి దాంట్లో బలమంతా సన్నటి అంచు మీదికి చేరి, సూది గుంట బదులు వేలి చుట్టూ గీత పడుతుంది. పంచడం కోసం పెట్టుకున్న తొడుగు పంచడమే మానేస్తుంది. చక్కగా అమరితే వేలి కొస కప్పుకు తగిలీ తగలనట్టు ఉంటుంది, గోడలు చుట్టూ ఆనుతాయి. చెయ్యి కిందికి వేలాడేసి మెల్లగా ఊపితే జారదు. మరో చేత్తో లాగితే ఇబ్బంది లేకుండా వస్తుంది.

ఊపి చూసేది ఉదయం చూశారా, మధ్యాహ్నం చూశారా అన్నదీ ముఖ్యమే. ఇత్తడి వేడికి వ్యాకోచిస్తుందని బళ్లో చదువుకున్నాం. 17 మిల్లీమీటర్ల ఇత్తడి ఉంగరం 25 డిగ్రీలు వేడెక్కితే ఎంత పెరుగుతుంది? మిల్లీమీటరులో నూరో వంతు కూడా కాదు. మారేది వేలే. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారి వేళ్లు ఉబ్బుతాయి, చలికి ముడుచుకుంటాయి. డిసెంబరు తెల్లవారుజామున వదులైన అంగుస్తానా మే నెల మధ్యాహ్నం బిగుస్తుంది. గర్భిణులకు, ఒంట్లో నీరు చేరే జబ్బులున్నవాళ్లకు ఈ తేడా ఇంకా ఎక్కువ. ఎక్కువగా కుట్టేవాళ్లు పక్కపక్క సైజుల్లో రెండు ఉంచుకోవడం దుబారా కాదు. పక్కన చీలిక ఉండి, నొక్కితే బిగిసే రకం ఒకటున్నా సరిపోతుంది.

పాతకాలంవాళ్లు వేలికొసను తడి చేసి అంగుస్తానా తొడుక్కునేవాళ్లు. ఆ పలచటి నీటిపొర చర్మానికీ లోహానికీ మధ్య సందులను పూడుస్తుంది. ఊడబోతే లోపలి గాలి పలచబడి, బయటి వాతావరణ పీడనం టోపీని వెనక్కి నొక్కుతుంది. పైన తెరిచిన గొట్టానికి ఈ ఉపాయం పారదు.

చెమట, లోహం, తోలు

మూడో ఫిర్యాదు మన వాతావరణానికి బాగా దగ్గరిది. అరచేతుల్లో, వేళ్ల లోపలి వైపు స్వేదగ్రంథులు దట్టంగా ఉంటాయి, చదరపు సెంటీమీటరుకు వందల్లో. మూసిన లోహపు టోపీలో ఆ చెమట ఆవిరి కాలేదు. చర్మం నాని మెత్తబడుతుంది. నానిన చర్మం తొందరగా ఒరుసుకుపోతుంది.

లోహం ముట్టుకోగానే చల్లగా అనిపిస్తుంది, ఎందుకంటే అది వేలి వేడిని చకచకా లాగేసుకుంటుంది. ఇత్తడి ఉష్ణవాహకత తోలుకంటే వందల రెట్లు ఎక్కువ. కానీ గది వేడి 40 డిగ్రీలు దాటిన రోజున అదే గుణం ఎదురు తిరుగుతుంది. చుట్టూ ఉన్న గాలి వేలికంటే వేడిగా ఉన్నప్పుడు లోహం ఆ వేడిని వేలికి మోసుకొస్తుంది. అప్పుడు వేలికి మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. మూసిన టోపీ ఆ దారినీ మూసేస్తుంది. ఎండాకాలంలో దర్జీల గొట్టం, ఉంగరం రకాలు సుఖంగా అనిపించేది ఇందుకే. గోళ్లు పెంచుకునేవాళ్లకు కూడా పైన తెరిచిన రకమే నప్పుతుంది.

తోలు తొడుగు చెమటను కొంత పీల్చుకుంటుంది, వేలి ఆకారానికి తానే సర్దుకుంటుంది. వారం వాడాక అది మీ వేలికి మాత్రమే పట్టేలా మారిపోతుంది. కానీ సూది కొస తోలులో దిగబడుతుంది, అందుకని సూది తగిలే చోట చిన్న లోహపు బిళ్ల కుట్టి ఉన్నది చూసుకోవాలి. రబ్బరు, సిలికోన్ తొడుగులు మెత్తగా పట్టుకుంటాయి, ఊడవు. అయితే గాలి ఆడదు. వాటికి చిల్లులు ఉన్నాయో లేదో చూడండి. వేలికి అంటించుకునే చిన్న బిళ్లలూ దొరుకుతాయి. కాటుక మచ్చ ఒకే చోట గుమిగూడినవాళ్లకు అవి బాగా పనికొస్తాయి, చెమట పట్టే చేతులకు మాత్రం జిగురు నిలవదు.

ఒక జాగ్రత్త. చవక అంగుస్తానాల మీద నికెల్ పూత ఉండవచ్చు. చెమటలోని లవణాలకు నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి దిగుతుంది, పడనివాళ్లకు దురద, దద్దుర్లు వస్తాయి. ఐరోపా సమాఖ్య 1994లోనే, చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువులనుంచి విడుదలయ్యే నికెల్‌కు హద్దు పెట్టింది. గిల్టు నగలు, వాచీ బిళ్లలు పడని ఒళ్లయితే తోలు, వెండి వైపు వెళ్లండి.

తొడుగు వెనక స్పర్శ

నాలుగో ఫిర్యాదు అన్నింటికంటే లోతైనది. గుడ్డ తెలియకపోతే కుట్టలేం. వేలికొసల్లో స్పర్శను మోసే నాడీతంతువులు దట్టంగా ఉంటాయి. స్వీడన్ శాస్త్రవేత్తలు రోలండ్ యోహాన్సన్, ఓకె వాల్బో 1979లో ప్రచురించిన అంచనాల ప్రకారం, ఒక చేతిలో ఇలాంటి తంతువులు సుమారు 17,000. వేలికొసన, సున్నితమైన కదలికలను పసిగట్టే ఒక్క రకమే చదరపు సెంటీమీటరుకు దాదాపు 140. అంత సంపద ఉన్న చోటును లోహంతో కప్పేస్తే చెయ్యి గుడ్డిదైనట్టే కదా?

పూర్తిగా కాదు. కారణాలు రెండు. సూదిని పట్టుకుని దారి చూపేవి బొటనవేలు, చూపుడువేలు. గుడ్డ మందం, దారం బిగి, పొరల జారుడు అవి చూసుకుంటాయి. నడిమివేలి పని తోయడం. కాబట్టి కప్పాల్సింది తోసే చోటునే. కాటుక మచ్చ ఉన్నంత మేర కప్పి, మిగతా చర్మాన్ని బయట వదిలే అంగుస్తానా దొరికితే స్పర్శలో పోగొట్టుకునేది చాలా తక్కువ.

రెండో కారణం లోహం గట్టిదనంలోనే ఉంది. చర్మం లోతుల్లో పాసీనియన్ కార్పసల్స్ అనే గ్రాహకాలుంటాయి. సెకనుకు 200 నుంచి 300 సార్లు వణికే సన్నటి ప్రకంపనలకు అవి ఇట్టే స్పందిస్తాయి. చూపులేనివాళ్లు చేతికర్ర కొస నేలను తాకగానే అది రాయో మట్టో చెప్పగలిగేది ఇలాంటి ప్రకంపనల వల్లే. సూది పొర దాటినప్పుడు పుట్టే వణుకు అంగుస్తానా గోడల గుండా ఎముక దాకా వస్తుంది. వదులుగా ఊగే టోపీలో ఆ కబురు మధ్యలోనే చచ్చిపోతుంది. గోడలు చక్కగా ఆనితే వచ్చి చేరుతుంది. వారం పది రోజుల సాధనలో మెదడు ఈ కొత్త భాష నేర్చుకుంటుంది, ఆ తర్వాత లోహం ఉన్నట్టే అనిపించదు. మొదటి రెండు రోజుల్లోనే ‘తెలియడం లేదు’ అని తీసేసినవాళ్లు ఆ గడువు దాకా ఆగలేదన్నమాట.

మధుమేహం ముదిరి చేతివేళ్లలో తిమ్మిరి వచ్చినవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. సూది గుచ్చుకున్నా వాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. అంగుస్తానా వాళ్లకు తప్పనిసరి. కుట్టు అయ్యాక వేళ్లను వెలుతురులో చూసుకోవడమూ తప్పనిసరే.

బొంతకు వచ్చేసరికి

మన ఊళ్లలో బొంతను పాతచీరలు, పంచెలతో కుడతారు. అందులో పొదుపు ఉంది, శాస్త్రమూ ఉంది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుపోగులు సూదికి దారిస్తాయి. గంజి పెట్టిన కొత్త గుడ్డలో పోగులు బిగదీసుకుని సూదిని పట్టేస్తాయి. పొర పెరిగినకొద్దీ ఈ పట్టు కూడుతూ పోతుంది. 180 సెంటీమీటర్ల పొడవు, 120 వెడల్పున్న బొంతకు రెండు సెంటీమీటర్లకు ఒక వరస వేస్తే 60 వరసలు, అంటే 108 మీటర్ల కుట్టు. ఫాల్‌కు 20 రెట్లకు పైగా.

అమెరికా, ఐరోపాల్లో చేత్తో కుట్టే క్విల్టులో మూడు పొరలు: పైగుడ్డ, మధ్యలో దూది పరుపు, అడుగుగుడ్డ. దానికి వాడే సూదులను బిట్వీన్లు అంటారు. పొట్టివి, 8 నుంచి 12 వరకు అంకెలు, అంకె పెరిగేకొద్దీ సూది సన్నం, పొట్టి. చెయ్యి తిరిగినవాళ్లు అంగుళానికి పది కుట్ల దాకా వేస్తారు. వాళ్ల పద్ధతిలో సూది ఉయ్యాలలా ఊగుతుంది. ముందు నిలువుగా దిగుతుంది. అడుగున ఉన్న వేలికి మొన తగలగానే, పైన నడిమివేలు సూదిని పడుకోబెడుతుంది. బొటనవేలు ఎదరి గుడ్డను నొక్కి చిన్న గట్టులా లేపుతుంది, మొన ఆ గట్టులోంచి పైకి వస్తుంది. మళ్లీ నిలువు, మళ్లీ పడక. నాలుగు కుట్లు ఎక్కాక ఒక్క తోపు.

ఈ ఊగుడంతా జరుగుతున్నప్పుడు సూది వెనక కొస ఒకే గుంటలో నిలవాలి. 11 డిగ్రీలకే జారిపోయే నున్నటి లోహం ఇక్కడ అసలు పనికిరాదు. అందుకే క్విల్టు అంగుస్తానాలకు గుంటలు లోతుగా ఉంటాయి, కప్పు చుట్టూ సన్నటి గట్టు ఉంటుంది, కొన్నిటికి వేలి కండ వైపు కూడా గుంటలుంటాయి. అడుగునుండే వేలికి మాత్రం మందపాటి లోహం వద్దు. మొనను పసిగట్టాల్సింది అదే. పలచటి తోలు, లేదా అంటించుకునే బిళ్ల చాలు.

గంటల తరబడి కుట్టేవాళ్లకు నొప్పి చర్మంలో కాక కణుపుల్లో మొదలవుతుంది. తలుపును బందు దగ్గర తోయడానికి, దూరంగా తోయడానికి తేడా తెలిసిందే. వేలి చివరి కణుపుకు 20 మిల్లీమీటర్ల దూరంలో, వేలి కండతో 5 న్యూటన్ల బలం పెట్టామనుకోండి. ఆ కణుపును వంచే టెండాన్ అనే తాడు కణుపుకు సుమారు 5 మిల్లీమీటర్ల దగ్గరలో సాగుతుంది. దూరం నాలుగో వంతు కాబట్టి అది నాలుగు రెట్లు, అంటే రెండు కిలోల బరువంత బలంతో లాగాలి. బలం ఎముక పొడవునా వెళ్లేలా కొసతో తోస్తే ఈ భారం బాగా తగ్గుతుంది. ఉంగరం రకంతో తోస్తే చివరి కణుపు మీద భారమే ఉండదు. కీళ్ల నొప్పులున్నవాళ్లు, చివరి కణుపు వెనక్కి విరుచుకునే వేళ్లున్నవాళ్లు ఉంగరం రకాన్నో, అరచేతి పలకనో ప్రయత్నించాలి. అలవాటు మార్చుకోవడం కష్టమే, కానీ ఇక్కడ ఆ కష్టానికి తగిన ఫలితం ఉంది.

కొనే ముందు, కొన్నాక

కాటుక పరీక్షను రెండు రోజులు, రెండు రకాల గుడ్డల మీద చేయండి. మచ్చ చోటును బట్టి ఆకారం ఎంచుకోండి. కొసన ఉంటే మూసిన టోపీ, పక్కన ఉంటే తెరిచిన గొట్టం, కండ మీద ఉంటే తోలు లేదా కండ వైపు గుంటలున్నది, కణుపుల మధ్య ఉంటే ఉంగరం. తర్వాత నూలుపోగుతో కొలవండి, అదీ మీరు మామూలుగా కుట్టుకునే వేళలోనే. కొట్లో మీ సూదితో గుంటను వాల్చి చూడండి, చెయ్యి వేలాడేసి ఊపి చూడండి, లోపలి అంచును వేలితో తడిమి గరుకు లేదని నిర్ధారించుకోండి. ఆ చేత్తోనే ఒక గుండీ పట్టుకుని చూడండి. పట్టు చిక్కకపోతే ఆ అంగుస్తానా పొడవు ఎక్కువ.

ఇంటికి తెచ్చాక మొదటి వారం రోజుకు పావుగంట చాలు. పనిలేకుండా పెట్టుకుని తిరిగినా మంచిదే, వేలు దాని బరువును మరిచిపోవాలి. గుంటలు అరిగి నునుపైనా, పూత లేచినా, కప్పుకు చిల్లి పడినా మార్చేయండి.

ఇక ఆ జరీచీర తీయండి. ఫాల్ కుట్టడం పూర్తి చేసి, ఐదు మీటర్ల చివర ముడి వేసి, దారం తెంపి, అంగుస్తానా తీసి నడిమివేలిని వెలుతురుకు పట్టండి. ఎర్రటి గుంట ఉందా? వేలి చుట్టూ అంచు గీత ఉందా? చర్మం నాని తెల్లబడిందా? ఈ మూడూ లేకపోతే మీకు నప్పినది దొరికినట్టే. ఒకటి ఉన్నా, ఏం మార్చాలో ఆ గుర్తే చెబుతుంది.